రోగానికి కులం లేదంట! మరి చట్టానికో?

"రోగానికి కులముంటాదా సార్? మీకు అన్నిట్లోనూ అదే కనపడతాది" అని మా స్టాఫ్ రూములో ఒక సారు ఎప్పుడూ అంటుంటాడు. మంచోడే. జీతం వచ్చిన రోజు అందరికీ టీ పోయిస్తాడు. 2020లో ఈ మాట ఆయనొక్కడే అనలేదు. టీవీల్లో అన్నారు, పేపర్లలో సంపాదకీయాలు రాశారు, స్వాములు అన్నారు, సినిమా హీరోలు ఇంట్లో అంట్లు తోముతూ అన్నారు. వైరస్ ముందు రాజూ పేదా ఒకటేనంట. బ్రాహ్మడూ మాదిగోడూ ఒకటేనంట. వేల ఏళ్లుగా మనిషి చెప్పలేని సమానత్వాన్ని కంటికి కనపడని పురుగొచ్చి చెప్పిందంట!

అప్పుడు మేం జవాబు చెప్పలేకపోయాం. బియ్యం మూటలు మోసే పనిలో ఉన్నాం. ఇప్పుడు చెప్పాల్సిన అవసరం వచ్చింది. ఎందుకంటే రాబోయే మహమ్మారి కోసం ముందుగానే చట్టం రాయాలని ఢిల్లీలో పెద్దలు తేల్చారు. 2024 ఫిబ్రవరిలో 22వ లా కమిషన్ తన 286వ నివేదికలో, 1897 నాటి అంటువ్యాధుల చట్టం పాతబడిపోయింది, దాన్ని సవరించండి లేదా సమగ్రమైన కొత్త చట్టం తెండి అని చెప్పింది. అదే ఏడాది సెప్టెంబరులో నీతి ఆయోగ్ నిపుణుల బృందం ప్రజారోగ్య అత్యవసర పరిస్థితుల కోసం ప్రత్యేక చట్టం కావాలంది. రోగం మొదలైన తొలి 100 రోజులే కీలకం అంది. అంతకుముందు 2017లో కూడా ఆరోగ్య శాఖ ఒక ముసాయిదా తయారు చేసి జనాన్ని అభిప్రాయాలు అడిగి, దాన్ని పక్కన పడేసింది. మమ్మల్నయితే ఎవరూ అడగలేదు. అడగకపోయినా చెప్తాం.

చట్టం వద్దని మేం అనడంలేదు. కొందరు కామ్రేడ్లు రాజ్యం చేతికి ఇంకో కర్ర ఇవ్వొద్దంటారు. వాళ్లకు చట్టం లేకపోయినా ఆసుపత్రి దొరుకుతుంది. మాకు చట్టం ఉంటే తప్ప బోరింగు దగ్గర నీళ్లు కూడా దొరకలేదు. చట్టం విలువ మాకు తెలిసినంతగా ఎవరికీ తెలీదు. చట్టం మోసం కూడా అంతే బాగా తెలుసు. అత్యాచారాల నిరోధక చట్టం 1989లో వచ్చింది, దాని రూల్సు రావడానికి 1995 దాకా పట్టింది. ఆ మధ్యలోనే 1991లో చుండూరు జరిగింది. అందుకే చట్టం రాయకముందే దాంట్లో ఏముండాలో అడగాలంటున్నాం.

ముందు ఆ సారు ప్రశ్నకు జవాబు.

1918లో ఇన్‌ఫ్లుయెంజా వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధం ఆఖర్లో ఓడల్లో బొంబాయి రేవుకు దిగి, రైలెక్కి దేశమంతా తిరిగింది. ఆ ఏడు వానలూ దెబ్బతిన్నాయి, గింజలు పిరమయినాయి. మన దేశంలో కోటీ ఇరవై లక్షల నుంచి కోటీ ఎనభై లక్షల మంది దాకా చచ్చిపోయారని చరిత్రకారుల లెక్క. ప్రపంచంలో ఏ దేశమూ అంతమందిని పోగొట్టుకోలేదు. ఇంత చావును మా పాఠ్యపుస్తకాల్లో ఎక్కడ చెప్పారో ఇరవై ఏళ్లుగా పాఠం చెప్తున్న మాకు కనపడలేదు. పానిపట్టు యుద్ధాలు మూడూ ఉన్నాయి.

ఆ 1918లో బొంబాయి నగరంలో ఎవరెంతమంది చచ్చిందీ తెల్లదొరలు లెక్క కట్టారు. ఇన్‌ఫ్లుయెంజాతో వెయ్యి మందిలో యూరోపియన్లు 8.3 మంది. పార్సీలు 9 మంది. ముస్లింలు 19.2. పై కులాల హిందువులు, ఆ పట్టికలో 'ఇతర హిందువులు' అని రాశారు, 18.9. ఇక 'తక్కువ కులాల హిందువులు' అని రాసినోళ్లు 61.6 మంది!

మళ్లీ చదవండి. అదే ఊరు, అదే గాలి, అదే పురుగు. పై కులపోళ్ల ఇళ్లలో వెయ్యికి పంతొమ్మిది శవాలు లేస్తే మనవాళ్ల ఇళ్లలో అరవై రెండు లేచాయి. మూడింతల కంటే ఎక్కువ. దొర ఇంటికంటే ఏడింతలు. పురుగుకు కులం తెలీదు, నిజమే. పురుగు తిరిగే చోటికి మాత్రం కులం ముందే పోయి కూర్చుంది. ఒక్క గదిలో పదిమందిని పడుకోబెట్టింది కులం. నీళ్ల కొళాయిని దూరంగా పెట్టింది కులం. జ్వరం వచ్చినోణ్ణి మర్నాడే పాకీ పనికి పంపింది కులం. వైద్యుడి గడపలోపలికి రానివ్వనిది కులం. ఇన్నీ చేసినాక పురుగుకు ఇంక పనేముంది?

మా సారు ఈ అంకెలు విని, "అది బీదతనం సార్, కులం కాదు" అన్నాడు. బీదతనాన్ని పంచిపెట్టిన చెయ్యి ఏదని మేం అడగలేదు. బెల్లు కొట్టారు.

ఇప్పుడు చట్టం సంగతి. 1897 ఫిబ్రవరి 4న పుట్టిందది. బొంబాయిలో ప్లేగు వచ్చినప్పుడు బ్రిటిషోడు హడావిడిగా రాసుకున్నాడు. మొత్తం నాలుగు సెక్షన్లు. మా ఆరో తరగతి పిల్లోడు నోటుబుక్కులో రెండు పేజీల్లో రాసేస్తాడు. మొదటిది చట్టం పేరు. రెండోది ప్రభుత్వం ఏ ఉత్తర్వయినా వెయ్యొచ్చు, ఎవర్నయినా సోదా చెయ్యొచ్చు, ఎక్కడయినా ఉంచొచ్చు అని. మూడోది మాట వినకపోతే శిక్ష. నాలుగోది ఈ చట్టం కింద సదుద్దేశంతో పనిచేసిన అధికారి మీద కేసు పెట్టకూడదు అని. అయిపోయింది. మందు అనే మాట దాంట్లో లేదు. తిండి లేదు. కూలి లేదు. ఆపేసినోళ్లను ఏం పెట్టి సాకాలో లేదు. అసలు 'ప్రమాదకరమైన అంటువ్యాధి' అంటే ఏందో కూడా రాయలేదు.

ఈ చట్టం కింద పూనాలో సోల్జర్లు ఇళ్లలో జొరబడ్డారు. వంటిళ్లలోకి, దేవుడి గదుల్లోకి పోయారు. మడి మంటగలిసిందని పెద్ద కులాలు భగ్గుమన్నాయి. అదే ఏడు జూన్ 22న చాపేకర్ అన్నదమ్ములు ప్లేగు అధికారి రాండ్‌ను కాల్చారు. ఇది స్వాతంత్ర్య పోరాటంలో వీరగాథ అయి పుస్తకాల్లోకెక్కింది. మరి అదే ప్లేగులో, చట్టం పుట్టిన నెల తర్వాత, 1897 మార్చి 10న సావిత్రీబాయి ఫూలే చనిపోయింది. పూనా బయట కొడుకు యశ్వంత్ పెట్టిన వైద్యశాలకు ముంఢ్వా మహార్ వాడలో ప్లేగు తగిలిన పిల్లోణ్ణి వీపున మోసుకొచ్చింది. ఆ రోగమే ఆమెకు అంటింది. అంటరానోణ్ణి అంటుకుంటే మైలపడే దేశంలో, అంటురోగం వచ్చిన అంటరాని పిల్లోణ్ణి వీపు మీద ఎక్కించుకున్న మనిషామె. మన దేశంలో ప్రజారోగ్యం అనే మాటకు మొదటి అర్థం ఆమె వీపు మీదుంది. చట్టంలో లేదు.

ఆ 1897 కాగితాన్నే 2020 మార్చిలో దుమ్ము దులిపి తీశారు. మన రాష్ట్ర ప్రభుత్వం దాని కిందే కోవిడ్ నిబంధనలు తెచ్చింది. కేంద్రం 2005 విపత్తుల చట్టం కింద లాక్‌డౌన్ పెట్టింది. మార్చి 24 రాత్రి ఎనిమిదికి ప్రధాని చెప్పాడు, పన్నెండుకు అమల్లోకి వచ్చింది. నాలుగు గంటలు. మా జొన్నగిరి నుంచి కర్నూలు పెద్దాసుపత్రికి రెండు బస్సులు మారి పోయిరావడానికే నాలుగు గంటలు చాలవు.

తెల్లారితే ఉగాది.

ఉగాది అంటే ఈ పడమటి మండలాల్లో ఏమిటో తెలియనివాళ్ల కోసం చెప్తాం. ఆదోని, ఎమ్మిగనూరు, కోసిగి, కౌతాళం, ఆలూరు, ఆస్పరి, దేవనకొండ, పత్తికొండ, మా తుగ్గలి, వాన ముఖం చూసి బతికే ఊళ్లు. పత్తి, శెనక్కాయ అయిపోయినాక జనం సుగ్గికి పోతారు. గుంటూరు, పల్నాడు దిక్కు మిరపకాయలు కోయడానికి. ఇంటికి తాళం, తాళం ముందర ముసిలామె. బళ్లో హాజరు పట్టీ సగం సున్నాలే. పిల్లల్ని సీజనల్ హాస్టల్లో పెట్టమని మేం గేరి గేరి తిరుగుతాం. కొందరు పెడతారు, కొందరు వెంట తీసుకుపోతారు, చిన్నబిడ్డను ఎత్తుకోడానికి పెద్దబిడ్డ కావాలి కదా. పోయేటప్పుడు అందరూ ఒకటే మాట చెప్తారు: ఉగాదికి వస్తాం.

ఆ ఉగాదికి రాలేదు. కోత అయిపోయింది, పొమ్మంటాడు రైతు. కదిలితే కొడతామంటాడు పోలీసు. చేలో టార్పాలిన్ గుడిసె, ఎండ, పక్కన మిరపకాయల ఘాటు. ఒకామె మాకు ఫోన్ చేసి "సార్, రోగమొస్తే ఆసుపత్రికి పోతాంగానీ ఆకలైతే యాడికి పోవాల?" అని అడిగింది. రేషను ఎక్కడున్నా తీసుకోవచ్చని పైనుంచి చెప్పారు. చేలో నుంచి రేషను షాపు దాకా నడవడానికే పర్మిషన్ లేదు కదా! ఆమె బిడ్డ ఇక్కడ మా బళ్లో నాలుగో తరగతి. జేజి దగ్గరుంది. బడి మూసేశారు, మధ్యాహ్నం బువ్వ పోయింది. ఇంటికిచ్చే బియ్యం, గుడ్లు తర్వాత వచ్చాయి. ఆ మధ్య రోజులు ఆ జేజి, ఆ బిడ్డ ఏం తిన్నారో మేం అడిగితే ఇద్దరూ చెప్పలేదు.

ఆ ఏప్రిల్లోనే తెలంగాణ ములుగు జిల్లా మిరప చేలనుంచి ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్‌కు నడుచుకుంటూ బయల్దేరిన పన్నెండేళ్ల ఆదివాసీ బిడ్డ ఇంకాస్త దూరంలో ఇల్లుందనగా దారిలో పడి చచ్చిపోయింది. కోవిడ్ పరీక్ష చేస్తే రోగం లేదని వచ్చింది. అంటే ఆ బిడ్డను చంపింది వైరస్ కాదు. మే 8న ఔరంగాబాద్ దగ్గర పట్టాల మీద నిద్రపోయిన 16 మంది కూలీల మీద గూడ్సు బండి పోయింది. శ్రామిక్ రైళ్లలో 97 మంది చనిపోయారని రైల్వే మంత్రి రాజ్యసభలో చెప్పాడు. ఇళ్లకు నడిచిపోతూ ఎంతమంది చచ్చారని సెప్టెంబరులో పార్లమెంటులో అడిగితే లెక్క లేదని కార్మిక శాఖ జవాబిచ్చింది. 1918లో దొర మన శవాలను కులం పేరుతోనయినా లెక్కబెట్టాడు. స్వతంత్ర దేశంలో ఆ మాత్రం కూడా లేదు.

ఇంకో తమాషా. 1979లో వలస కూలీల చట్టం ఒకటి వచ్చింది. రాష్ట్రం దాటి పోతేనే దాని కింద వలస కూలీ. తర్వాత దాన్ని 2020 నాటి కార్మిక కోడ్‌లో కలిపారు, అక్కడా రాష్ట్రం దాటితేనే లెక్క. కోసిగి నుంచి బెంగుళూరు పోతే వలస. కోసిగి నుంచి గుంటూరు పోతే? చుట్టాలింటికి పోయినట్టు! మన జిల్లా పడమర సగం ప్రతి ఏడూ ఖాళీ అయ్యే వలస చట్టం కంటికి వలసే కాదు.

ఇక ఊళ్లో సంగతి. ఎవరూ బయటికి రాకూడదని ఊరికి చెప్పింది ఎవరు? మైకు ఒకరోజు చెడిపోయింది. మాకు వరసకు చిన్నాయనయ్యే మాదిగ గేరి పెద్దాయన్ని పిలిచి తప్పెట కొట్టమన్నారు. ఆయన వీధివీధీ తిరిగి "బయటికి రావద్దహో" అని చెప్పాడు. అందర్నీ లోపల ఉండమని చెప్పినోడొక్కడే బయట ఉన్నాడు. మాస్కు లేదు. తువ్వాల కట్టుకుంటే గొంతు వినపడదని తీసేశాడు. బ్లీచింగు చల్లింది ఎవరు? మురికి కాలువ తీసింది ఎవరు? అనుమానం ఉన్న ఇంటి చెత్త ఎత్తింది ఎవరు? పేరు మాత్రం 'గ్రీన్ అంబాసిడర్' అని పెట్టారు, తర్వాత 'క్లాప్ మిత్ర' అన్నారు. అమెరికాకు పంపే రాయబారి పేరు మన వీధులూడ్చే మనిషికి పెట్టి, జీతం మాత్రం నెలల తరబడి పెండింగు. 2021లో రెండో అల అప్పుడు, సొంత కొడుకులు కూడా దగ్గరికి రాని శవాల్ని గోతికి చేర్చింది మా పిల్లోళ్లే. ఆ పది రోజులు ఎవరికీ మైల గుర్తు రాలేదు. పదకొండో రోజు టీ కొట్టు దగ్గర గ్లాసు మళ్లీ వేరే అయింది.

'సామాజిక దూరం' పాటించండి అన్నారు. ఆ మాట వినగానే మా గేరిలో ముసిలోళ్లు నవ్వారు. సామాజిక దూరం కొత్తగా నేర్పాల్నా మాకు? ఊరికి తూర్పున ఇల్లు కట్టించి వెయ్యేళ్లుగా పాటింపజేస్తున్నది అదే కదా! కొందరు మర్యాదస్తులు తర్వాత దిద్దుకుని 'భౌతిక దూరం' అన్నారు. మాట మారింది. రెండు నెలలు ఎవరూ ముట్టుకోకుండా, ఎవరూ పలకరించకుండా, గుమ్మంలో సరుకు పెట్టి దూరం జరిగితే పెద్ద కులాల వాళ్లకు మనసు చెదిరిందంట, డిప్రెషన్ వచ్చిందంట. పేపర్లలో డాక్టర్ల సలహాలు వచ్చాయి. మాకెవరూ సలహా ఇయ్యలేదు, మా ముత్తాతల నుంచీ ఉన్నదే అది.

మేం టీచర్లం కూడా ఊరికే కూర్చోలేదులెండి. మే నెలలో మద్యం దుకాణాలు తెరిచినప్పుడు విశాఖ జిల్లాలో టీచర్లను వాటి ముందు వరసలు చూడ్డానికి వేశారు. బడి మూత, సారా తెరుపు, మధ్యలో పంతులు! దీన్ని కూడా ఏదో ఒక సెక్షన్ కిందే చేసుంటారు.

చట్టం కర్ర ఎవరి వీపు మీద పడిందో రెండు సంగతులు చెప్తాం. నర్సీపట్నం ఏరియా ఆసుపత్రిలో మత్తు డాక్టరు సుధాకర్, దళితుడు. 2020 ఏప్రిల్లో ఎన్95 మాస్కులేవీ అని బయట అడిగాడు. సస్పెండ్ చేశారు. మే 16న విశాఖ నడిరోడ్డు మీద చొక్కా లేకుండా చేతులు వెనక్కి కట్టేసి ఉన్న ఆయన్ని రాష్ట్రమంతా చూసింది. తాగి గొడవ చేశాడన్నారు పోలీసులు. పిచ్చాసుపత్రికి పంపారు. హైకోర్టు సీబీఐకి అప్పగించింది. ఏడాది తిరిగేసరికి, 2021 మేలో ఆయన గుండె ఆగి చనిపోయాడు. రెండోది చీరాల. 2020 జూలైలో మాస్కు లేదని ఒక దళిత యువకుణ్ణి పోలీసులు ఆపారు. జీపులో నుంచి దూకాడని వాళ్లన్నారు, కొట్టి చంపారని తల్లిదండ్రులన్నారు. పిల్లోడు మాత్రం ఆసుపత్రిలో చనిపోయాడు. ఎస్సైని సస్పెండ్ చేశారు, పది లక్షలు ప్రకటించారు.

చూడండి, మాస్కు అడిగిన దళితుడికీ శిక్షే, మాస్కు పెట్టుకోని దళితుడికీ శిక్షే!

2020 ఏప్రిల్ 22న ఆర్డినెన్సు తెచ్చి, సెప్టెంబరులో చట్టం చేసి 1897 చట్టాన్ని సవరించారు. దేనికోసం? డాక్టర్ల మీద, నర్సుల మీద చెయ్యి చేసుకుంటే మూడు నెలల నుంచి ఐదేళ్లు, గట్టి గాయం అయితే ఆరు నెలల నుంచి ఏడేళ్లు జైలు. మంచిదే, మేం వద్దనం. మా ఆశా అక్కలు కూడా తిట్లు తిన్నారు. కానీ ఆ సవరణలో డాక్టరు, నర్సు, పారామెడికల్, ఆరోగ్య కార్యకర్త అని పేర్లు రాసినోళ్లు పారిశుధ్య కార్మికుడని ఒక్క మాట రాయలేదు. ప్రభుత్వం కావాలంటే నోటిఫికేషన్ ఇచ్చి ఎవర్నయినా చేర్చుకోవచ్చని రాశారు. డాక్టరుకు చట్టం, పాకీవాడికి దయ.

మాట వినకపోతే వేసే శిక్ష కూడా పెరిగింది. పాత శిక్షాస్మృతిలో సెక్షన్ 188 కింద ప్రాణాపాయం కలిగించే ధిక్కారానికి ఆరు నెలలు, వెయ్యి రూపాయలు. 2024 జూలై నుంచి దాని బదులు వచ్చిన న్యాయ సంహితలో 223 కింద ఏడాది, ఐదు వేలు. 1897 నుంచి ఇప్పటిదాకా ఎవరూ మర్చిపోకుండా రిపేరు చేసింది కర్రనే.

2005 విపత్తుల చట్టంలో మంచి మాటలు లేవా? ఉన్నాయి. సెక్షన్ 12 కింద తిండి, నీళ్లు, నీడ, వైద్యం, చనిపోయినవాళ్ల కుటుంబాలకు సాయం, వీటికి కనీస ప్రమాణాలు చెప్పాలి. కోవిడ్ చావులకు ఆ సాయం ఎంతో తేల్చడానికి 2021 జూన్ 30న సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. తర్వాత యాభై వేలని తేల్చారు. సెక్షన్ 61లో సహాయం, పరిహారం ఇచ్చేటప్పుడు కులం చూడకూడదని కూడా రాశారు. చదివి సంతోషపడ్డాం. పేజీ తిప్పి చూస్తే చూసినోడికి శిక్ష ఏందో ఆ సెక్షన్లో రాయలేదు. ఉత్తర్వు మీరితే 51 కింద జైలు. కులం చూస్తే 61 కింద, తప్పు నాయనా అని చెప్పడం.

ఇదంతా అయిపోయిన కథ అనుకునేరు. ఫ్లూ జాతి రోగం మళ్లీ మళ్లీ వచ్చేదే. 1918, 1957, 1968, 2009. ఆ 2009లో స్వైన్ ఫ్లూ మన దేశంలో మొట్టమొదట బయటపడింది హైదరాబాదులోనే, అమెరికా నుంచి విమానం దిగిన ప్రయాణికుడిలో. రోగం విమానంలో వస్తుంది, ఆంక్ష మాత్రం ఆర్టీసీ బస్సులో పోయేవాడి మీద. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో, తణుకు దగ్గర వేల్పూరు, పెరవలి దగ్గర కానూరు కోళ్ల ఫారాల్లో బర్డ్ ఫ్లూ అని భోపాల్ ల్యాబు తేల్చింది. మార్చిలో నరసరావుపేట రెండేళ్ల పాప మంగళగిరి ఎయిమ్స్‌లో చనిపోతే పుణె ల్యాబులో అదే రోగమని తేలింది. కోళ్లలో ఉన్నంతకాలం అది కోళ్ల రోగం. మనిషి నుంచి మనిషికి సులువుగా అంటడం నేర్చుకున్న రోజు 1918 మళ్లీ తలుపు తడుతుంది. ఆ నేర్చుకునే చోటు ఏది? కోళ్ల ఫారాల్లో పెంట ఎత్తేవాడి చేతులు, చచ్చిన కోళ్లను గుంతలో పూడ్చేవాడి ఊపిరి. వాళ్లెవరో ఏ ఫారానికైనా పోయి పేర్లడగండి, గేరి పేరు వాళ్లే చెప్తారు.

దీనికీ చట్టముంది. 2009లో పశువుల అంటురోగాల చట్టం తెచ్చారు. రోగం పాకకుండా చంపేసిన కోడికి యజమానికి పరిహారం ఇస్తారు, కోడికింత, గుడ్డుకింత అని. ఇవ్వాలి, లేకపోతే రోగాన్ని దాచిపెడతారు, అది మంచి లెక్కే. అదే లెక్క మనిషికి ఎందుకు పనికిరాదు? జ్వరమొచ్చిందని చెప్తే కూలి పోతుందని తెలిసినోడు జ్వరాన్ని దాచడా? ఫారం మూతపడిన రోజుల కూలీకి పరిహారమేది? కోడికి రేటుంది, కోడి పెంట ఎత్తేవాడికి లేదు.

అమెరికావాడు కూడా ఫ్లూ భయంతో 2005లో ఒక చట్టం చేశాడు. మహమ్మారి టీకాలు, మందులు చేసే కంపెనీల మీద నష్టపరిహారం దావాలు పడకుండా రక్షణ ఇచ్చాడు. మన 1897 చట్టం అధికారికి రక్ష, వాళ్ల చట్టం కంపెనీకి రక్ష. 2025 మేలో జెనీవాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ మహమ్మారి ఒప్పందాన్ని ఆమోదించింది. టీకాలు ధనిక దేశాలే దాచుకోకుండా కొంత వాటా పేద దేశాలకు రావాలని దాంట్లో ఉంది. మన ప్రభుత్వాలు ఇలాంటి చోట్ల బీద దేశాల తరఫున బాగానే మాట్లాడతాయి. జెనీవాలో ఢిల్లీ అడిగేదే ఢిల్లీని జొన్నగిరి అడుగుతోంది. వాటా.

అందుకని కొత్త చట్టంలో మేం కోరేది ఇది. ఆపేముందు పెట్టండి. ఫలానా రోజునుంచి పని బంద్ అని ఉత్తర్వు వేసే అధికారి, అదే ఉత్తర్వులో ఆ రోజు కూలి ఎవరు, ఎప్పుడు, ఎంత ఇస్తారో రాయాలి. రాయకపోతే ఆ ఉత్తర్వు చెల్లకూడదు. జిల్లా దాటి పోయినవాడినయినా వలస కూలీగానే లెక్కపెట్టాలి, ఎవరి చేలో ఉన్నాడో ఆ పంచాయతీ వాణ్ణి సాకాలి, ఇంటికి పోతానంటే ముందు బస్సు పెట్టాలి, ఆ తర్వాతే రోడ్డు మూయాలి. చెత్త ఎత్తేవాడు, శవం మోసేవాడు, తప్పెట కొట్టేవాడు, అందరి పేర్లూ డాక్టరు పేరు పక్కనే చట్టంలో ఉండాలి, మాస్కు, టీకా, బీమాలో వరస కూడా అదే. చావులెన్నో కులం వారీగా లెక్కగట్టి అచ్చేయాలి. 1918లో దొరకు చేతనయింది మనకు చేతకాదా? కులం చూసి సహాయం ఆపినవాడికి అత్యాచారాల చట్టం కింద కేసు. ఊరికో కమిటీ అంటారు కదా, దాంట్లో గేరి ఆడమనిషి ఒకామె ఉండాలి. సంతకానికి కాదు, ఆమె ఒప్పుకోకపోతే ఇల్లిల్లూ సోదా ఉండకూడదు.

ఇవి కూడా ఆసుపత్రి ఉంటేనే. ఆదోనిలో ప్రభుత్వ మెడికల్ కాలేజీ అన్నారు. పడమటి మండలాలన్నీ ఆశ పెట్టుకున్నాయి, కర్నూలు దాకా పోయేలోపే చచ్చే గర్భిణులకు ఆదోని దగ్గర కదా అని. 2025 సెప్టెంబరులో మంత్రివర్గం ఆదోనితో సహా పది కాలేజీలను ప్రైవేటు భాగస్వామ్యంలో ఇవ్వడానికి ఒప్పుకుంది. మహమ్మారి వచ్చిన రోజు ఆ భాగస్వామి తలుపు ఎవరికి తెరుస్తాడు? 2021లో రెమ్‌డెసివిర్ ఇంజెక్షన్ బ్లాకులో ఎంతకమ్మారో మర్చిపోయారా? అదే మే 10న తిరుపతి రుయాలో ఆక్సిజన్ ట్యాంకరు ఆలస్యమై 11 మంది ఊపిరాగిపోయింది. ప్రభుత్వాసుపత్రిలోనే అట్లయింది కదా అని ప్రైవేటు వాదులు అంటారు. ప్రభుత్వాసుపత్రి గనక చనిపోయినోళ్ల లెక్క బయటికొచ్చింది, అడగడానికి ఒక గేటుంది.

మా పిల్లల్ని ఏటా ఎర్రగుడి రాళ్ల దగ్గరికి తీసుకుపోతాం. జొన్నగిరికి దగ్గరే. క్రీస్తు పూర్వం మూడో శతాబ్దంలో అశోకుడు చెక్కించిన శాసనాలు, పద్నాలుగూ ఉన్నాయి. వానాకాలంలో వజ్రాలు ఏరుకోడానికి మా చేలల్లోకి ఎక్కడెక్కడినుంచో జనం వస్తారు, ఆ రాళ్ల వైపు చూసేవాళ్లు తక్కువ. రెండో శాసనంలో రాజు ఏం చేశానంటాడంటే మనుషులకూ పశువులకూ వైద్యం పెట్టించాడు, మందు మొక్కలు లేని చోటికి తెప్పించి నాటించాడు, దార్ల పక్కన బావులు తవ్వించాడు. అశోకుణ్ణి మేం దేవుణ్ణి చేయడంలేదు. అడవి జనాన్ని బెదిరించిన మాట కూడా ఆ పద్నాలుగులోనే ఉంది, అదీ పిల్లలకు చెప్తాం. కానీ మనుషుల రోగం, పశువుల రోగం ఒక్కచోట రాసిన ఆ రాతలో ముందు వచ్చింది మందు. రెండు వేల వందేళ్లు దాటినాక తెల్లోడు రాసి మనం దాచుకున్న కాగితంలో ముందు వచ్చింది సోదా.

పై కోరికలన్నీ ఒక అర్జీగా రాసి మాదిగ గేరిలో, మాల గేరిలో, బోయ గేరిలో చదివి వినిపించాం. ఆలూరు, ఆస్పరి, కోసిగి మిత్రులు కూడా వాళ్ల ఊళ్లలో చదువుతున్నారు. ఏప్రిల్ 14న అంబేద్కర్ విగ్రహం దగ్గర అన్నీ పోగుచేసి కలెక్టరుకు, ఎమ్మెల్యేలకు, ఢిల్లీకి పంపుతాం. మొదటి వేలిముద్ర తప్పెట చిన్నాయనతోనే వేయించాలనుకున్నాం. ఆయన అంతా విన్నాడు. "బాగుందిలే అయ్యోరా. యాభై రూపాయలు బాకీ ఉండారు నాకు, ఆ పొద్దు ఊరంతా తప్పెట కొట్టినందుకు. అది రాసినారా దాంట్ల?" అన్నాడు.

రాయలేదు. అప్పటికప్పుడు చాటింపు కూలి ఎంతో, ఎవరివ్వాలో ఇంకో వరస రాసి చదివి వినిపిస్తే, అప్పుడు వేశాడు వేలిముద్ర.